బాయికాడి చేను, చేను-04: రెండు పేర్లూ కనబడనీండి

సొంత వికీ నోట్‌బుక్‌లో, అంటే పేజీలను లింకులతో కలుపుకుంటూ కంప్యూటర్‌లో రాసుకునే నోట్‌బుక్‌లో, పేజీ నెత్తిన ఏ పేరు కనబడాలి అన్నది చిన్న ప్రశ్నే. అయినా ఆ నోట్‌బుక్ కొన్నేళ్లు బతికి, పేజీలు వందల్లోకి పోయాక రోజూ చికాకు పెట్టేది ఇదే. అందులో ఒక పేజీకి రెండు పేర్లు ఉండొచ్చు: సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టే టైటిల్, మనం పిలుచుకునే క్యాప్షన్. నా మాట ముందే చెప్పేస్తాను. క్యాప్షన్ ఉన్న ప్రతి పేజీలో క్యాప్షన్ పెద్దగా, అసలు టైటిల్ దాని పక్కనే చిన్నగా, రెండూ కనబడాలి. టైటిల్‌ను దాచేయడం తప్పు. క్యాప్షన్ ఎందుకు, టైటిల్‌నే అందంగా పెట్టుకుంటే పోలా అనడం అంతకన్నా పెద్ద తప్పు.

నేను వాడేది టిడ్లీవికీ. జెరెమీ రస్టన్ 2004లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. నోట్‌బుక్ మొత్తం ఒకే ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలు. పెన్‌డ్రైవ్‌లో వేసుకోవచ్చు, ఫోన్‌లో పెట్టుకోవచ్చు. తిరుపతిలో ఇంట్లో నెట్ పోయినా, పల్లెలో సిగ్నల్ లేకపోయినా తెరుచుకుంటుంది. అందులో ఒక్కో చిన్న పేజీని టిడ్లర్ అంటారు. ప్రతి టిడ్లర్‌కూ టైటిల్ తప్పనిసరి, ఆ ఫైల్లో అదే టైటిల్ ఇంకో టిడ్లర్‌కు ఉండకూడదు. లింకులు, ట్యాగులు, ఒక పేజీని ఇంకో పేజీ లోపల చూపించడం, అన్నీ టైటిల్ మీదే నడుస్తాయి. క్యాప్షన్ అలా కాదు. పెడితే పెట్టొచ్చు, లేకపోతే లేదు. ఒకే క్యాప్షన్ పది పేజీలకు ఉన్నా సాఫ్ట్‌వేర్ ఏమీ అనదు.

ట్యాబుల మీదా, విషయసూచికలోనూ క్యాప్షన్ ఉంటే అది కనబడుతుంది, లేకపోతే టైటిల్. పేజీ నెత్తిన మాత్రం, మనం ఏదో ఒకటి చేస్తే తప్ప, ఎప్పుడూ టైటిలే. చిక్కు ఇక్కడ మొదలవుతుంది. సూచికలో 'బాయికాడి చేను' అని చూసి నొక్కుతాం. తెరుచుకున్న పేజీ మీద 'చేను-04' అని ఉంటుంది. సరైన చోటికే వచ్చామా అని ఒక క్షణం తడబాటు. పేజీలు నావే, పేర్లు పెట్టిందీ నేనే, అయినా ఆ తడబాటు తప్పదు.

ఈ చేను సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నా వాదనంతా దాని మీదే నిలబడి ఉంది.

పాకాల మండలం దామలచెరువు పక్క మాకు కొంచెం మామిడితోట, కొన్ని కయ్యలు ఉన్నాయి. ఇంట్లో వాటిని పేర్లతోనే పిలుస్తాం. బాయికాడి చేను, గుట్టకింద కయ్య, చింతమాను చేను, కొత్తతోట. కొత్తతోట నాకంటే వయసులో పెద్దది, అయినా ఇంకా కొత్తతోటే. కాగితాల్లో ఈ పేర్లు ఒక్కటీ ఉండవు. అడంగల్‌లో, హక్కుల రికార్డు వన్‌బిలో, పాసుపుస్తకంలో, లావాదేవీలు చూపే ఈసీలో ఉండేది సర్వే నంబరు, దాని పక్కన గీత గీసి సబ్‌డివిజన్ నంబరు. ఇంట్లో ఆ నంబర్లన్నీ నోటికి వచ్చిన మనిషి మా చిన్నాయన ఒక్కడే. ఆయనకు కూడా కాగితం మీద చూస్తేనే ధైర్యం.

నోట్‌బుక్‌లో ఒక్కో చేనుకూ ఒక పేజీ పెట్టాను. ఎప్పుడు ఎరువు వేశాం, బోరు మోటారు ఎప్పుడు కాలింది, ఏ ఏడు కాపు ఎంత, ఏ కాగితం ఏ ఫైల్లో ఉంది, గట్టు తగాదా ఎవరితో, అన్నీ అందులో. అలాంటి పేజీకి టైటిల్‌గా ఏం పెట్టాలి?

అందరికీ మొదట తోచేది సర్వే నంబరు. అధికారికం, ఖచ్చితం, ఎవరూ కాదనలేరు. కానీ సర్వే నంబరు ఒక గ్రామం లోపలే ప్రత్యేకం. పక్క రెవెన్యూ గ్రామంలో అదే నంబరు ఇంకొకరి భూమికి ఉంటుంది. మాకు రెండు గ్రామాల లెక్కలో భూమి ఉంది కాబట్టి గ్రామం పేరు కూడా కలపాలి. గ్రామం కలిపాక మండలం, మండలం కలిపాక జిల్లా కలపాలనిపిస్తుంది. ఇలా నిచ్చెన కట్టుకుంటూ పోయి 'చిత్తూరు జిల్లా, పాకాల మండలం' అని టైటిల్ పెట్టినవాళ్లకు 2022 ఏప్రిల్ 4న ఏమైందో తెలుసు కదా. 1911లో ఏర్పడిన జిల్లా విడిపోయింది, పాకాల తిరుపతి జిల్లాలోకి వచ్చింది. భూమి ఎక్కడుందో అక్కడే ఉంది. దాని టైటిల్ మాత్రం తప్పయిపోయింది.

సరే, జిల్లా వద్దు, నంబరు మాత్రమే ఉంచుదాం అంటారా? రాష్ట్రంలో భూముల రీసర్వే 2020 డిసెంబర్ 21న మొదలైంది. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. తాతల కాలం నుంచీ కాగితాల్లో ఉన్న నంబరు ఒకటి, ఇప్పుడు రికార్డులో కనిపించే నంబరు ఇంకొకటి. పాత దస్తావేజు చదవాలంటే మొదటిది కావాలి, కొత్త వన్‌బి తీయాలంటే రెండోది కావాలి. 'అసలు పేరు' అనుకున్నది కూడా మనది కాదు. అది పెట్టినవాళ్లది. వాళ్లు మార్చినప్పుడు మారుతుంది.

అందుకని టైటిల్ నాదే అయి ఉండాలి. చేను-04. దానికి పెద్ద అర్థం లేదు, అదే దాని బలం. జిల్లా మారినా, సర్వే మారినా, చింతమాను చేనులో చింతమాను కొట్టేసినా దాన్ని మార్చాల్సిన పని రాదు. పేజీకి అంటిపెట్టుకుని ఉండే గడులను ఫీల్డులు అంటారు. పాత సర్వే నంబరు ఒక ఫీల్డ్, ఎల్‌పీఎం నంబరు ఇంకో ఫీల్డ్, గ్రామం ఇంకో ఫీల్డ్. ఇంట్లో పిలిచే పేరు క్యాప్షన్.

రైళ్ల పేజీలకూ ఇదే కథ. ఊరిలో ఎవరినైనా అడగండి, హైదరాబాద్‌కు రాత్రి నారాయణాద్రిలో పోతాం అంటారు గానీ 12733లో పోతాం అనరు. తిరుపతి నుంచి పోయేటప్పుడు 12733, లింగంపల్లి నుంచి వచ్చేటప్పుడు 12734. పిలిచే పేరు ఒకటే, నంబర్లు రెండు. నా నోట్‌బుక్‌లో అవి రెండు పేజీలు, ఎందుకంటే టైమింగులు వేరు, రిజర్వేషన్ లెక్క వేరు. క్యాప్షన్ రెండింటికీ 'నారాయణాద్రి'. ఇప్పుడు టైటిల్ దాచేస్తే ఏమవుతుంది? సూచికలో నారాయణాద్రి, నారాయణాద్రి అని రెండు వరుసలు. ఏది పోయేది, ఏది వచ్చేది? నొక్కి చూడాల్సిందే. ఇంకో సంగతి కూడా ఉంది. 2010 డిసెంబర్ 20కి ముందు రైళ్లకు నాలుగు అంకెల నంబర్లే. ఇదే బండి అప్పట్లో 2733. అప్పుడు మారింది నంబరు, నిలిచింది పేరు. భూమి విషయంలోనూ, బండి విషయంలోనూ ముందు కదిలింది బయటివాళ్లు ఇచ్చిన నంబరే. స్టేషన్ బోర్డు మీద నంబరూ, పేరూ పక్కపక్కనే వేస్తారు. అంత రద్దీలో, అన్ని భాషల మనుషుల మధ్య పనిచేసే పద్ధతి నా సొంత నోట్‌బుక్‌కు ఎందుకు పనికిరాదు?

ఇక తెలుగులో రాసేవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే తలనొప్పి ఒకటి ఉంది. దీన్ని ఇంగ్లీషులో నోట్సు రాసుకునే మిత్రులకు ఎంత చెప్పినా తలకెక్కదు.

టిడ్లీవికీలో టైటిల్ అక్షరం అక్షరం కలవాలి. ఒక్క గుర్తు తేడా వచ్చినా అది వేరే పేజీ. అలాంటి లింకు ఇంకా రాయని పేజీకి పోతుంది, వాలు అక్షరాల్లో కనబడుతుంది. తెలుగులో అరువు మాటలకు మనం ఒక్క స్పెల్లింగ్ మీద నిలబడే రకం కాదు. నంబరు, నెంబరు, నంబర్. ఫైలు, ఫైల్. రిజిస్టరు, రిజిస్టర్. పొద్దున ఒక రకంగా రాస్తాం, సాయంత్రం ఇంకో రకంగా రాస్తాం, రెండూ తప్పు కాదు. కథ రాసేటప్పుడు పరవాలేదు. లింకు రాసేటప్పుడు కుదరదు.

స్పెల్లింగ్ తేడా అయినా కంటికి కనబడుతుంది. కనబడనిది ఇంకొకటి ఉంది. 'అడంగల్' లాంటి మాట చివర ల్ తర్వాత కొన్ని కీబోర్డులు జీరో విడ్త్ నాన్‌జాయినర్ అనే గుర్తును తమంతట తామే పెట్టేస్తాయి. దాని పని పక్క అక్షరంతో కలవకుండా ఆపడం. మాట చివర ఉన్నప్పుడు అది తెర మీద ఏ జాడా లేకుండా కూర్చుంటుంది. ఫోన్‌లో టైప్ చేసిన అడంగల్, ల్యాప్‌టాప్‌లో టైప్ చేసిన అడంగల్ పక్కపక్కన పెడితే దేవుడు కూడా తేడా చెప్పలేడు. టిడ్లీవికీ మాత్రం ఇవి రెండు వేర్వేరు పేజీలు అంటుంది, దాని లెక్క ప్రకారం అది చెప్పిందే నిజం. అక్షరాలు సరిగ్గా ఉన్నాయి, పేజీ ఉంది, లింకు మాత్రం చచ్చిపోయి ఉంటుంది. కారణం వెతుక్కుంటూ గంటలు పోగొట్టుకోవచ్చు.

దానికి తోడు లింకును ఎవరికైనా పంపాలంటే ఇంకో ముచ్చట. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. వెబ్ చిరునామాలో ఒక్కో బైటూ శాతం గుర్తు, దాని వెంట రెండు అక్షరాలుగా మారితే, ఒక్క గుర్తుకు తొమ్మిది అక్షరాలు. 'తిరుపతి' అన్న మాటలో గుడులు, కొమ్ములతో కలిపి ఏడు గుర్తులు. అంటే 63 అక్షరాల గజిబిజి. వాట్సాప్‌లో అది చూసిన మనిషి వైరస్ అనుకుని నొక్కడు.

ఇవన్నీ చూశాక నేను పెట్టుకున్న పద్ధతి సులువైనది. టైటిల్ పొట్టిగా, ఒత్తులూ పొల్లులూ లేని మాటలతో, అంకెతో. చేను-04, బండి-12, మామిడి-03. క్యాప్షన్ మాత్రం నా ఇష్టం. దాంట్లో ఒత్తులు, పొల్లులు, యాస, వంకరలు, అన్నీ ఉండొచ్చు. 'బాయి' అని రాస్తాను, 'బావి' అని రాయను, మా ఇంట్లో ఎవరూ బావి అనరు కాబట్టి. క్యాప్షన్‌లో తప్పు దొర్లినా ఏ లింకూ తెగదు. ఈ స్వేచ్ఛ కోసమైనా క్యాప్షన్ కావాలి.

'పేరు మార్చాలనిపిస్తే మార్చుకో, ఇంత తతంగం ఎందుకు' అనే వాదం ఉంది. మా తమ్ముడి వాదం అదే. వాడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, అన్నీ మార్చేయొచ్చు అనుకునే జాతి. టిడ్లీవికీలో పేజీ టైటిల్ మార్చినప్పుడు మిగతా పేజీల ట్యాగుల్లోనూ, జాబితా ఫీల్డుల్లోనూ పాత పేరును కొత్తదిగా మార్చమంటారా అని అది అడుగుతుంది, మారుస్తుంది. పేజీ లోపల వచనంలో రాసిన లింకులను తనంతట తాను ముట్టదు. దానికి రీలింక్ అనే ప్లగిన్, అంటే పైనుంచి చేర్చుకునే చిన్న ప్రోగ్రామ్, వేసుకోవాలి. వేసుకున్నా, నోట్‌బుక్ బయట ఉన్న లింకుల సంగతి దానికి తెలియదు. చిన్నాయనకు పోయిన ఏడు వాట్సాప్‌లో పంపిన లింకు, ఫైలు అట్ట మీద పెన్నుతో రాసిపెట్టిన పేరు, ఇవి ఏ ప్లగిన్ మారుస్తుంది? పాత దస్తావేజులు పెట్టిన అట్టల మీద నేను చేను-04 అని రాసి పెట్టాను. రేపు బాయి పూడ్చేసి పేరు మారినా ఆ అట్ట తెరవాల్సిన పని లేదు, దిద్దాల్సిన పని లేదు.

తమ్ముడి రెండో వాదం వేరే వైపు నుంచి వస్తుంది. 'సరే, కోడ్ పెట్టుకో. కానీ దాన్ని చూపించడం ఎందుకు? మనిషికి క్యాప్షన్ చాలు, కోడ్ మెషీన్‌కు.' వినడానికి బాగుంది. చాలా యాప్‌లు ఇదే దారిలో పోతున్నాయి కూడా. కానీ సొంత వికీలో చదివేవాడూ నేనే, రాసేవాడూ నేనే. చదివేటప్పుడు క్యాప్షన్ చాలు, ఒప్పుకుంటాను. ఇంకో పేజీ రాస్తూ దీనికి లింకు పెట్టాలన్నప్పుడు నాకు కావలసింది టైటిల్. దాన్ని దాచేస్తే ఎడిట్ నొక్కి, పైన ఉన్న పెట్టెలో చూసి, కాపీ చేసి, రద్దు చేసి బయటికి రావాలి. ఒక్క లింకుకు ఇంత పనా?

మీడియావికీ, అంటే వికీపీడియా నడిచే సాఫ్ట్‌వేర్, ఈ ప్రమాదాన్ని చాలాకాలం కిందే పసిగట్టింది. అందులో పేజీ నెత్తిన కనబడే పేరును మార్చే వీలుంది. అయితే మామూలు సెట్టింగులో ఏది పడితే అది పెట్టనీయదు. మొదటి అక్షరం చిన్నది చేసుకోవడం, వాలుగా చూపించడం లాంటివి మాత్రమే ఒప్పుకుంటుంది. కనబడే పేరును కాపీ చేసి లింకులో పెడితే అది అదే పేజీకి చేరాలన్నది నియమం. వాళ్లు వేలమంది రాసే చోట ఒక్క పేరే చూపించాలనుకున్నారు కాబట్టి ఆ పేరు నిజమైనదే కావాలని పట్టుబట్టారు. మనం పూర్తిగా వేరే పేరు చూపించే వీలు తెచ్చుకున్నాం కాబట్టి నిజమైనదాన్ని పక్కన నిలబెట్టాలి. నియమం రెండు చోట్లా ఒకటే. చూసినదానితో లింకు పెట్టగలగాలి.

నిక్లాస్ లూమన్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త చీటీల పెట్టె గురించి నోట్సు రాసుకునేవాళ్లు తెగ చెప్పుకుంటారు. దాదాపు 90 వేల చీటీలు, ఒక్కోదానికి ఒక నంబరు. ఆ నంబరు చీటీ మీదే రాసి ఉంటుంది, కంటికి కనబడుతుంది. ఆయన చీటీ నుంచి చీటీకి దారి వేసింది ఆ నంబరుతోనే. ఆయన పద్ధతిని పొగిడే చాలామంది తమ యాప్‌లో నంబరును దాచడానికి సెట్టింగ్ వెతుకుతుంటారు. ఎందుకో నాకు అర్థం కాదు.

ఎలా చూపించాలి అన్నది ఇక పెద్ద విషయం కాదు గానీ, ఒక హెచ్చరిక ఉంది. టిడ్లీవికీలో పేజీ శీర్షికను చూపించే టెంప్లేట్ (అచ్చు) కూడా ఒక టిడ్లరే. చాలామంది నేరుగా దాన్ని తెరిచి దిద్దేస్తారు. వద్దు. అలా దిద్దిన టెంప్లేట్ అసలుదాన్ని కప్పేస్తుంది. రేపు కొత్త వెర్షన్‌కు పోయినప్పుడు అసలు టెంప్లేట్‌లో వచ్చిన మార్పులు మీకు అందవు, మీ పాతదే పైన కూర్చుంటుంది. 5.2.1 వెర్షన్ నుంచి కాస్కేడ్ అనే ఏర్పాటు ఉంది. ఏ పేజీకి ఏ శీర్షిక టెంప్లేట్ వాడాలో నియమాల వరుసగా చెప్పొచ్చు. క్యాప్షన్ ఫీల్డ్ ఉన్న పేజీ అయితే నా టెంప్లేట్, లేకపోతే మామూలుది, అని ఒక నియమం చేరిస్తే చాలు. నా టెంప్లేట్‌లో క్యాప్షన్ మామూలు శీర్షిక సైజులో, దాని వెనక టైటిల్ సగం సైజులో బూడిద రంగులో. బూడిద రంగు మరీ లేతగా పెట్టుకోకండి. మధ్యాహ్నం ఎండలో తోటలో నిలబడి ఫోన్ చూస్తే అది తెల్ల కాగితమే.

సూచికల్లో, జాబితాల్లో కూడా ఇదే వరుస. వాటికి లింకు రాసేటప్పుడు క్యాప్షన్ ఉంటే క్యాప్షన్, దాని వెంట టైటిల్ వచ్చేలా ఒక చిన్న మాక్రో, అంటే మళ్లీ మళ్లీ వాడుకునే కోడ్ ముక్క, రాసి పెట్టుకున్నాను. వచనం మధ్యలో వచ్చే లింకులకు మాత్రం రెండూ వద్దు. వాక్యం చదవనీయదు. 'బాయికాడి చేను చేను-04లో ఈసారి పూత ముందే వచ్చింది' అని ఎవరు చదువుతారు? అక్కడ క్యాప్షన్ ఒక్కటే. అడిగితే ట్యాబుల మీద కూడా ఒక్కటే అంటాను, చోటు లేదు.

డైరీ పేజీలకు క్యాప్షన్ అసలు పెట్టను. తేదీయే టైటిల్, తేదీయే పిలుపు.

వెతుకులాట సంగతి మరిచిపోయేవాళ్లు ఎక్కువ. టిడ్లీవికీ వెతికే పెట్టె మామూలుగా టైటిల్, ట్యాగులు, పేజీ వచనం, ఈ మూడింటినే చూస్తుంది. క్యాప్షన్‌ను చూడదు. పేజీ నెత్తిన ఇంత పెద్ద అక్షరాలతో 'గుట్టకింద కయ్య' అని కనబడుతుంటే, ఆ మాట కొట్టి వెతికితే ఏమీ లేదంటుంది. వెతికే ఫిల్టర్‌లో క్యాప్షన్ ఫీల్డ్‌ను కూడా చేర్చాలి. శీర్షిక మార్చిన రోజే ఈ పని కూడా చేయకపోతే క్యాప్షన్ అలంకారంగా మిగిలిపోతుంది.

వరుస విషయంలో నేను టైటిల్ వైపే. జాబితాలు ఎక్కువగా టైటిల్ ప్రకారమే వరుస కడతాయి. చేను-01, చేను-02 అని ఉంటే చేన్లన్నీ ఒక చోట, బండ్లన్నీ ఒక చోట వస్తాయి. క్యాప్షన్ ప్రకారం వరుస కడితే చింతమాను చేనుకూ, బాయికాడి చేనుకూ మధ్యలో నారాయణాద్రి వచ్చి దూరుతుంది. అంకె ముందు సున్నా పెట్టడం కూడా ఇందుకే. అక్షరాల వరుసలో 10 వచ్చి సున్నా లేని 2 కంటే ముందు కూర్చుంటుంది.

ఈ పద్ధతికి ఒక చోట నిజంగానే ఇబ్బంది ఉంది. అది మామిడి.

చిత్తూరు పక్క తోటల్లో ఎక్కువగా ఉండేది తోతాపురి. గుజ్జు ఫ్యాక్టరీలకు పోయేది అదే. ఇక్కడ తోటలో దాన్ని బెంగళూరా అంటారు. ఫ్యాక్టరీ చీటీలో తోతాపురి అని ఉంటుంది. కోస్తా బంధువులు కలెక్టర్ కాయలా అని అడుగుతారు. తమిళనాడు నుంచి వచ్చే వ్యాపారి కిళిమూకు అంటాడు. బంగినపల్లి కూడా అంతే. 2017లో ఆ పేరుతోనే దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా మండీలో మాత్రం అది బేనిషా. ఒక పండుకు ఇన్ని పేర్లున్నప్పుడు క్యాప్షన్‌గా ఏది పెట్టాలి? క్యాప్షన్ ఫీల్డ్ ఒక్కటే. అన్నీ గీతలు పెట్టి అందులోనే కుక్కితే శీర్షిక రెండు వరుసలు దాటుతుంది, ట్యాబు మీద పట్టదు.

ఇక్కడ నేను ఎవరి పేరుకు పెద్దపీట వేయాలో తేల్చుకున్నాను. మామిడి-03, క్యాప్షన్ బెంగళూరా. నోట్‌బుక్ మా ఇంటిది, మా ఇంట్లో అనే మాటే నెత్తిన ఉంటుంది. తోతాపురి, కలెక్టర్, కిళిమూకు, ఇవి 'ఇతర పేర్లు' అనే ఇంకో ఫీల్డ్‌లో. అవి శీర్షికలో కనబడవు, వెతికితే దొరుకుతాయి. అబ్సిడియన్ అనే నోట్సు యాప్ వాడేవాళ్లకు ఇలాంటి ఏర్పాటు ముందే ఉంది, ఏలియాస్‌లు అని ఎన్నైనా రాసుకోవచ్చు. అందులో ఫైలు పేరే టైటిల్ కాబట్టి అది ఎప్పుడూ కనబడుతూనే ఉంటుంది. కాకపోతే వాళ్లు క్యాప్షన్‌ను పెద్దగా చూపించాలంటే మళ్లీ ప్లగిన్ వెతుక్కోవాలి. ఎవరి తిప్పలు వాళ్లవి.

ఫ్యాక్టరీ చీటీలో పేరు వేరు, నోట్‌బుక్‌లో పేరు వేరు అయితే లెక్క తప్పదా అని తమ్ముడు అడిగాడు. తప్పదు, ఎందుకంటే లెక్క మామిడి-03 మీద నడుస్తుంది. సీజన్‌లో ఫ్యాక్టరీ ఇచ్చిన చీటీ ఫొటో తీసి పెట్టినప్పుడు దాని ట్యాగు మామిడి-03, ఏ చేను కాయో దాని ట్యాగు చేను-04. కాయ బెంగళూరా అయినా, తోతాపురి అయినా, కలెక్టర్ అయినా మొత్తం ఒక చోటికే చేరుతుంది. ట్యాగు పెట్టడానికి ఆ టైటిల్ నాకు గుర్తుండాలి. గుర్తుండాలంటే రోజూ కంటపడాలి. బెంగళూరా పక్కన మామిడి-03 అని కొన్నేళ్లుగా చూస్తున్నాను కాబట్టి ఇప్పుడు చేతికి అదే వస్తోంది. దాచి ఉంటే ప్రతిసారీ వెతుక్కునేవాణ్ణి.

పోయిన సీజన్‌లో చిన్నాయన ఫోన్ చేశాడు. "అబ్బయా, బాయికాడి చేనుది వన్‌బి కావల్లంట. ఇప్పుడే పంపు." పక్కన దస్తావేజులు రాసే మనిషి ఉన్నాడు, ఆయన గొంతు కూడా వినబడుతోంది. ఆయనకు బాయీ తెలియదు, చేనూ తెలియదు, నంబరు కావాలి. నేను బాయి అని కొట్టాను, పేజీ వచ్చింది, నెత్తిన రెండు పేర్లు, కింద పాత సర్వే నంబరు, కొత్త నంబరు. చిన్నాయనకు ఒకటి చదివాను, దస్తావేజులు రాసే మనిషికి ఒకటి చదివాను. వన్‌బి స్కాన్ ఫైలు పేరు చేను-04తోనే మొదలవుతుంది కాబట్టి అదీ వెంటనే దొరికింది.

ఫోన్‌లో మాత్రం రెండు పేర్లూ పక్కపక్కన పట్టవు. టైటిల్ కింది వరుసలోకి దిగుతుంది. చిన్నాయన తన ఫోన్‌లో అక్షరాలు బాగా పెద్దవి చేసి పెట్టుకున్నాడు, ఆయనకు శీర్షికే సగం తెర తినేస్తుంది. నీ ఫోన్‌లో ఆ చిన్న పేరు తీసేయనా అని అడిగితే, "ఉండనీరా, అట్ట మీద ఉండేది అదే కదా" అన్నాడు.